నీళ్లు పొయ్యని సగం

అసిరమ్మను ఏదైనా అడిగితే జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. ఆ పని చేస్తూ చేస్తూ అడిగిన సంగతే మరిచిపోయారా, ఆ ప్రశ్నకు అంతే ఆయుష్షు. మరిచిపోకపోతే పని ముగిసేసరికి జవాబు వాళ్ల చేతిలోనే ఉండేది. ఈ పద్ధతి మూలాన ఆమె దగ్గర నిలిచినవాళ్లు తక్కువ. కాషాయం కట్టి, ఎత్తు పీట మీద కూర్చుని, ఒక్క మాట అడిగితే పది శ్లోకాలు అప్పజెప్పే గురువులు ఊరికి ఇద్దరు చొప్పున దొరుకుతుండగా, పోలమ్మవలసలో ఒక మంత్రసాని దగ్గర ఏళ్లకేళ్లు పడి ఉండి పెరడు తవ్వడానికి ఎవరొస్తారు? పైడమ్మ వచ్చింది.

పైడమ్మ ఊరికే రాలేదు. ఆమెది ఏటవతల గొర్లవలస. కొండ మీద వాన పడిందంటే నడుమనున్న ఏరు పొంగి, ఆ ఊరికి ఈ ఊరికి రోజుల తరబడి రాకపోకలుండవు. ఆ ఊళ్లో మంత్రసాని లేదు. ఒక ఆషాఢంలో పైడమ్మకు నొప్పులొస్తే మనుషులు ఏటి ఒడ్డుకు పరిగెత్తి కేకలేశారు. ఇవతలి ఒడ్డున అసిరమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడింది. నీళ్లు తగ్గలేదు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఏరు తగ్గాక, పచ్చి బాలింత ఒంటితోనే పైడమ్మ ఏరు దాటి వచ్చి, అసిరమ్మ వాకిట్లో కూర్చుని, ఈ విద్య నేర్పితేనే లేస్తానంది. అసిరమ్మ పెరట్లో గుంటగలగర పీకమంది. అలా మొదలై ఏడేళ్లయింది.

ఆ కొండవాలు ఊళ్లలో ఒక పట్టింపు ఉంది. కాన్పుకు వెళ్లే మంత్రసాని తన పెరట్లో పండించిన వెల్లుల్లి గడ్డలను కాడలతో అల్లిన జడ ఒకటి మెడలో వేసుకుని వెళ్లాలి. బాలింతకు మొదటి మూడు రోజులూ పెట్టే కాయం మందు ఆ వెల్లుల్లితోనే నూరాలి. సంతలో కొన్నది పనికిరాదు. పెరట్లో వెల్లుల్లి నిలవనిదాని చేతిలో పురిటిబిడ్డేం నిలుస్తుందని ముసలమ్మల వాదం. వెల్లుల్లి తిన్నవాళ్లకు జ్ఞానం నిలవదని పక్క ఊరి మఠంలో స్వాములు చెబుతుంటారు. ఆ స్వాములను కన్న తల్లులు పురిట్లో వెల్లుల్లి కాయం మింగే లేచి కూర్చున్నారు. ఆ ముక్క మాత్రం ఏ గ్రంథంలోనూ రాసుకున్నట్టు లేదు.

ఆ ఏడు పుష్యమాసంలో గొర్లవలస పెద్దలు వచ్చారు. కిందటి వానల్లో తమ ఊళ్లో ఇద్దరు తల్లులు పోయారనీ, మళ్లీ ఏరు పొంగేలోగా ఒక మంత్రసానిని తమకు ఇవ్వమనీ, ఇల్లు కట్టి ఇస్తామనీ అడిగారు. పైడమ్మ గుమ్మం పక్కన నిలబడి ఊపిరి బిగపట్టి వింది. ఏడేళ్లుగా ఆమె కోరిక అదొక్కటే. ఆ ఒడ్డున ఇంకే ఆడదీ తనలా, ఎంత కేకేసినా మనిషి దాటి రాలేని ఏటివైపు చూస్తూ పడుకోకూడదు. అసిరమ్మ ఔననలేదు, కాదనలేదు. ఏరొచ్చే ముందు చెబుతానని వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపేసింది.

ఆ రోజు నుంచి పైడమ్మతో మాటలు తగ్గించేసింది. వండడం, తినడం, పడుకోవడం మామూలే. విద్య సంగతి వస్తే మాత్రం నోట్లో చుట్ట పెట్టుకునేది. నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే ఆడదాన్ని మాట్లాడించడం ఎవరి తరం? మాఘం వచ్చేలోగా మూడు కాన్పులు పడ్డాయి. మూడింటికీ ఇద్దరూ వెళ్లారు. మూడుసార్లూ అసిరమ్మ గది గడప తొక్కలేదు. బయట అరుగు మీద గుమ్మానికి వీపు పెట్టి కూర్చుంది. మూడో కాన్పులో నొప్పులు ఆగి ఆగి వస్తుంటే పైడమ్మ లోపలి నుంచి మూడుసార్లు పిలిచింది, ఏం చెయ్యమంటావని అడిగింది. బయటి నుంచి దగ్గు కూడా రాలేదు. చివరికి తనకు తెలిసిందేదో తనే చేసి, తల్లినీ బిడ్డనూ ఒడ్డున వేసి, చెమటతో బయటికొచ్చేసరికి అరుగు ఖాళీ. స్తంభం దగ్గర ఒక చుట్ట రెండు ముక్కలై పడి ఉంది, పంటితో కొరికినట్టు. ముసలిదానికి చుట్ట పట్టుకునే ఓపిక కూడా పోయిందనుకుంది పైడమ్మ.

మర్నాడు పొద్దున్నే వెల్లుల్లి మడి దగ్గర అడిగేసింది. "ఏటమ్మా, నాకేటీ సెప్పడం మానేసినావు. నానేటి తప్పు సేసినాను? నన్ను ఏరు దాటించడం ఇష్టం లేకపోతే ఆ మాటే సెప్పు."

అసిరమ్మ లేచి వెళ్లి నాలుగు ఆముదపు పుల్లలూ, ఒక కొబ్బరితాడూ తెచ్చింది. మడికి నడిమధ్యన పుల్లలు గుచ్చి తాడు కట్టింది. "ఇటు నీది. అటు నాది. నీదాన్ని నీకు తోసినట్టు సూసుకో. నాదాని జోలికి రాకు." అంతే. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. పైడమ్మకు ఒళ్లు మండింది.

ఆ మడి ఇద్దరూ కలిసి వేసిందే. కార్తీకపౌర్ణమి వెళ్లాక గడ్డలు విడదీసి, చిన్న రెబ్బలు కూరకు పడేసి, లావువి ఏరి, పైపొర చిరగకుండా, ముక్కు పైకి ఉండేలా వేలి రెండు కణుపుల లోతున గుచ్చారు. నాటడానికీ, తవ్వడానికీ పైడమ్మ చెయ్యి ప్రతి ఏడూ ఉండేది. నీళ్లు మాత్రం అసిరమ్మే పోసేది. మాఘం ముదిరేసరికి ఆమె కడవ దించేసేది, ఆకు కొసలు పసుపెక్కేవి. ముసలిది మొయ్యలేక మానేస్తోందనీ, ఆ ఒక్క నెల తను మోస్తే గడ్డ ఇంకెంత ఊరునో అనీ పైడమ్మ ఏడేళ్లుగా లోలోపల అనుకుంటూనే ఉంది. ఏడేళ్లు కళ్లతో చూసినదాన్ని కూడా మనం మన తెలివితో దిద్దడానికి చూస్తాం. ఇప్పుడు సగం మడి చేతికొచ్చింది. చూపిద్దాం అనుకుంది.

చూపించింది కూడా. పొద్దున రెండు కడవలు, సాయంత్రం రెండు కడవలు. వారానికోసారి పేడనీళ్లు. కలుపు మొలిచే ధైర్యం చెయ్యలేదు. తాడుకు ఇటుపక్క ఆకు నిగనిగలాడుతూ నిలబడింది, అటుపక్క ఆకు పండి, ఎండి, ఒక్కొక్కటే మెడ వాల్చింది. దడి అవతల నుంచి సూరీడమ్మ ఇదంతా చూస్తోంది. సూరీడమ్మకు తన పెరట్లో బీరపాదు చచ్చినా పట్టదు గాని ఎదుటి పెరట్లో గడ్డి పరక వంగినా కంటబడుతుంది. గురువు మడి ఎండిందీ శిష్యురాలి మడి పండిందీ అని ఊరంతా చాటి, పైడమ్మతో మాత్రం జాలిగా, "ముసిల్దానికి నీ మీద కుళ్లమ్మా, అందుకే ఏరు దాటనీదు" అంది. పైడమ్మ ఆమె నోరు ముయ్యమని కసిరింది. కసిరిందే కాని, ఆ మాట గుచ్చుకున్న చోటే ఉండిపోయింది.

ఒక తెల్లవారు పెరట్లోకి వెళ్లేసరికి అసిరమ్మ సగం పక్కన నిండు కడవ ఒకటి కనిపించింది. మన్ను మాత్రం పొడిపొడిగా ఉంది. కడవ తెచ్చి పొయ్యడం మరిచిపోయిందన్నమాట, మతిమరుపు ముదిరిందనుకుంది పైడమ్మ. జాలేసింది. ఎంత కోపమున్నా ఆమె పెట్టిన కూడు ఏడేళ్లు తిన్నది. కడవెత్తి ఆ సగంలో వంచబోయింది. అసిరమ్మ ఎటు నుంచి వచ్చిందో, కడవ అంచు పట్టుకుని లాగేసింది. సగం నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి. మిగిలిన నీళ్లు పట్టుకెళ్లి గుమ్మడిపాదులో పోసేసింది.

ఫాల్గుణంలో అసిరమ్మ తన సగం తీసింది. ఆకు పట్టి లాగకుండా, పక్కనుంచి గునపంతో మన్ను వదులు చేసి, కోడిగుడ్లు ఏరినట్టు ఏరి, ఎండలో పెట్టకుండా చూరు కింద పరిచింది. గడ్డలు మధ్యరకం. పొరలు కాగితంలా కరకరలాడాయి. పైడమ్మ ఇంకో పదిహేను రోజులు నీళ్లు పోసి తన సగం తీసింది. ఒక్కొక్క గడ్డ పిడికెడంత. నాలుగైదింటి పొర పగిలి, రెబ్బలు పువ్వు విప్పినట్టు బయటికి కనిపిస్తున్నాయి. అది బలుపనుకుంది పైడమ్మ. సూరీడమ్మ దడి దాటి వచ్చి మరీ ముక్కున వేలేసుకుంది. నాలుగిళ్ల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పైడమ్మ ఒక గడ్డ తీసి అసిరమ్మ అరచేతిలో పెట్టి ఊరుకుంది. అసిరమ్మ దాన్ని ఒకసారి చేతిలో ఎగరేసి బరువు చూసింది. మెడ దగ్గర బొటనవేలితో నొక్కింది. వెనక్కి ఇచ్చేసింది.

నీడన ఆరిన తరువాత ఎవరి గడ్డలు వాళ్లు జడ అల్లారు. పొయ్యికి దూరంగా ఒకే వాసానికి రెండూ పక్కపక్కన వేలాడాయి. పైడమ్మ జడ లావు, నిగారింపు. వచ్చినవాళ్లందరి కళ్లూ దాని మీదే.

ఇక ఆ తరువాతి మూడు నెలలు పైడమ్మ బిగుసుకుపోయి పని చేసింది. గెలిచానన్న పొగరు సగం, ఇంకా అక్కరకు రానిదానిగానే చూస్తోందన్న కసి సగం. చైత్రంలో రెండు కాన్పులు, జ్యేష్ఠంలో ఒకటి. ఖర్చుకు అటకమీది కిందటేటి వెల్లుల్లే సరిపోయింది. అసిరమ్మ అరుగు మీదే, వీపు గుమ్మానికే. పైడమ్మ చైత్రంలో ఒకసారి పిలిచింది, జవాబు లేదు. రెండోసారి పిలవబోయి, పిలిచినా ఏం లాభమని పళ్లు బిగించింది. జ్యేష్ఠంలో కాన్పు పెద్ద పరీక్షే. తొలిచూలు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా. చేతులు కడుక్కుంటూ ఉండగా పైడమ్మకు హఠాత్తుగా తట్టింది, ఈసారి తను అరుగువైపు చూడనే లేదని. అది తట్టిన తరువాత సంతోషం రాలేదు, మరింత కోపమే వచ్చింది. చేతనైనదాన్నని తెలిసీ పంపడం లేదన్నమాట. వాకిట్లోకి వచ్చి అసిరమ్మకేసి చూడకుండా ఇంటిదారి పట్టింది. వెనక నుంచి చుట్ట కంపు మాత్రం తోడొచ్చింది.

ఆషాఢం పడిందో లేదో కొండ మీద ఆకాశం నల్లబడింది. రెండు రోజుల వాన. మూడో రోజు పొద్దు పొడుస్తుండగా గొర్లవలస నుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చారు, నిలువునా తడిసి. వాళ్లలో ఒకడి చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. నీళ్లు ఇంకా మొలలోతే ఉన్నాయి, తాడు కట్టి దాటించగలం, ఇంకో రెండు గడియలాగితే దాటలేమన్నారు. అసిరమ్మా, లే అన్నారు.

అసిరమ్మ లేవలేదు. "పైడమ్మ వత్తాది" అంది.

పైడమ్మ ఆ మాట విని, ఏడేళ్ల కోరిక తీరిందని మురవలేదు. మురిసే తీరికేదీ. మూట కట్టుకుంది. మెడలో వేసుకోవడానికి తన జడ కోసం వాసం కిందికి వెళ్లి చెయ్యి ఎత్తింది. పట్టుకోగానే వేళ్లు లోపలికి దిగిపోయాయి. పైకి అంత నిగనిగలాడే గడ్డ లోపల నల్లగా, మెత్తగా, నీరు కారుతోంది. ఇంకొకటి పట్టుకుంది, అది ఒట్టి పొర, లోపల బూజు. మూడోదానికి పచ్చ మొలక. మూడు నెలలు ఆ జడ కిందే తిరిగింది, వచ్చినవాళ్లు పొగుడుతుంటే విన్నది, ఒక్కసారి చెయ్యి పెట్టి నొక్కి చూసుకోలేదు. కుళ్లు కంపు ముక్కుకు తగిలింది. బయట మగవాళ్లు తొందరపెడుతున్నారు. అటకమీది కిందటేటిది జ్యేష్ఠంతోనే అయిపోయింది. వెల్లుల్లి లేకుండా ఏరు దాటితే ఆ ఊరి ముసలమ్మలు గుమ్మం తొక్కనివ్వరు.

అసిరమ్మ పక్కకొచ్చి తన జడ దించింది. అది గలగలమంది. ఒక్క మాట ఎత్తిపొడవలేదు, ఆ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే నేనైతే ఎత్తిపొడిచేదాన్ని. జడను పైడమ్మ మెడలో వేసి, కొస సర్ది, భుజం మీద చెయ్యి వేసి వాకిట్లోకి తోసింది.

ఏరు దాటించారు. నడుమ ఒకసారి నీళ్లు పైడమ్మను లాగేశాయి, తాడు ఆపింది. గొర్లవలసలో ఆ ఇంటికి చేరేసరికి వెనక ఏరు గట్టెక్కిన హోరు వినిపించింది. ఇక ఎవరూ రారు, ఎవరూ పోరు. ఆడమనిషి పేరు చినతల్లి, పందొమ్మిదేళ్లది. బిడ్డ కడుపులో అడ్డంగా ఉంది. పైడమ్మ పొట్ట మీద చేతులు వేసి చూడగానే తెలిసింది, తెలిసిన మరుక్షణం అలవాటు కొద్దీ తల గుమ్మంవైపు తిరిగింది. అరుగు మీద ఆ ఇంటి అత్తగారు కూర్చుని ఏడుస్తోంది. ఆవిడ వెనక వాన.

పైడమ్మ తల తిప్పుకుంది. నొప్పికీ నొప్పికీ మధ్య, తొందరపడకుండా, పైనుంచి అరచేతులతో, చంటిదాన్ని నిద్రలో పక్కకు జరిపినట్టు జరిపింది. జరగకపోతే ఆగింది. ఆగి మళ్లీ జరిపింది. చినతల్లి తిడితే తిట్టమంది, అరిస్తే అరవమంది, పడుకుంటానంటే మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నం దాటాక తల దారిలోకి వచ్చింది. పొద్దు వాలకముందే పిల్ల బయటపడింది. ఏడవలేదు. పైడమ్మ నోట్లో వేలు పెట్టి తుడిచి, బోర్లా వేసి వీపు రాసి, అరికాళ్ల మీద చిటికె వేసింది. ఒకటి. రెండు. మూడో చిటికెకు పిల్ల ముఖం ముడిచి, ఆ హోరులో కూడా వినబడేటట్టు ఏడ్చింది. తల్లి కూడా ఏడ్చింది. అత్తగారు ఏడుపు మానేసి మనవరాలి రంగు గురించి మాట్లాడడం మొదలుపెట్టింది, అంటే అంతా సవ్యంగా ఉందన్నమాట.

కాయానికి కూర్చున్నప్పుడు పైడమ్మ జడలోంచి ఒక గడ్డ తెంపింది. గోటితో మీటగానే పొర చిటుక్కుమని ఊడింది. రెబ్బ రాయిలా గట్టిగా, తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. ఆషాఢపు తేమలో కూడా చేతికి తడి తగల్లేదు. రోట్లో వేసి దంచుతూ, దంచడం ఆపి, ఆ రెబ్బకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. అత్తగారు ఏమైందని అడిగితే, ఘాటు కళ్లకెక్కిందని చెప్పింది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. బండల దగ్గర ఏరు సన్నం, కేకేస్తే వినబడుతుంది. పైడమ్మ అక్కడికి నడిచింది. అవతలి ఒడ్డున అసిరమ్మ అప్పటికే ఉంది. చీర పిండితే బిందెడు నీళ్లు వచ్చేటట్టు తడిసి ఉంది, నిన్నటి నుంచి అక్కడే ఉన్నదానిలా. పళ్ల మధ్య చుట్ట చల్లారిపోయి, నలిగి, నారలుగా వేలాడుతోంది. సరిగ్గా ఆ చోటే ఏడేళ్ల కిందట కూడా నిలబడింది.

తల్లీ పిల్లా బాగున్నారని పైడమ్మ అరిచి చెప్పింది. అసిరమ్మ తల ఊపింది. పైడమ్మకు ఇంక చాలా చెప్పాలని ఉంది, జడ సంగతి, కడవ సంగతి, సూరీడమ్మ మాట నమ్మిన సంగతి. చివరికి, వెల్లుల్లి మడి దగ్గర అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంటున్నట్టు, "ఆకరి నెల్లో నీ సగానికి నువ్వేటీ పెట్టనేదు, అంతే కదమ్మా" అంది.

అసిరమ్మ చుట్ట ముక్క ఏట్లోకి ఉమ్మేసి, ఇంటివైపు తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది.

"పెట్టనేదు. కడవెత్తి ఎన్నిసార్లు దించినానో, అది నీకు తెల్దు."